మూడొందల అరవై అయిదు గదులు... ఒక్క తాళంకప్ప

హాండ్‌బ్యాగు కొందామని వెళ్లి కోట చూసొచ్చాను. నవ్వకండి, ఉన్నమాటే చెబుతున్నాను.

2023 అక్టోబరులో మా అమ్మాయి దగ్గరకి ఇటలీ వెళ్లాను. అది ఫ్లోరెన్సులో చదువుకుని అక్కడే ఉద్యోగంలో చేరింది. చర్చిలూ, మ్యూజియాలూ అన్నీ తిప్పి చూపించాక, "అమ్మా, ఇవాళ నిన్ను షాపింగుకి తీసుకెళ్తాను. మనవాళ్లెవరొచ్చినా అక్కడికి వెళ్లకుండా ఇండియా విమానం ఎక్కరు" అంటూ బస్సెక్కించింది. ముప్పై కిలోమీటర్లు వెళ్లాక లెచ్చో అని ఒక చిన్న ఊరు. ఆర్నో నది లోయలో ఉంది. రోడ్డుపక్కన పేరుమోసిన కంపెనీల దుకాణాలు వరసగా. అన్నీ తగ్గింపు ధరలేనట! ఆ తగ్గించిన ధర చూసి నా నోరు ఎండిపోయింది. "నువ్వు చూసుకో తల్లీ, నేనిక్కడ కూర్చుంటాను" అని బయట బల్లమీద కూలబడ్డాను.

అప్పుడు తల ఎత్తి చూశాను. ఎదురుగా చెట్లు దట్టంగా కమ్మిన కొండ. ఆ చెట్ల మీంచి ఒక బురుజు కొస కనిపిస్తోంది. అది ఇటలీలో అంతవరకూ నేను చూసిన కట్టడాల్లా లేదు. మన గోలకొండ వైపు ఎక్కడో ఉండాల్సింది దారితప్పి ఇక్కడికొచ్చినట్టుంది. మా అమ్మాయి వచ్చాక అడిగాను. "అదా, సమ్మెజ్జానో కోట అమ్మా. ఎప్పట్నించో అమ్మకానికుంది. తాళం వేసేశారు. లోపల 365 గదులున్నాయట, రోజుకొకటి చొప్పున" అంది.

"తాళం వేసేశారు" అన్నమాట నాకు కలుక్కుమంది. ఎందుకంటే నా పాత బ్యాగులో అడుగున మరో తాళంచెవుల గుత్తి ఉంది. కోనసీమలో మా పుట్టింటిది. నాన్న 2009లో పోయారు. అమ్మ 2020లో వెళ్లిపోయింది. ఆ రోజు నించీ మా మండువా ఇంటికి తాళం. ఆ రోజు పొద్దున్నే మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, బిల్డరు బయానా పట్టుకుని కూర్చున్నాడు. నువ్వు సరేనంటే చాలు. ఇంకెన్నాళ్లు నానుస్తావు?" అని. వాడి మాటలో తప్పేం లేదు. నానుస్తున్నది నేనే. అమ్మాలని లేదు. అలాగని వెళ్లి ఉండేదీ లేదు.

"పద, ఆ కోట చూద్దాం" అన్నాను. మా అమ్మాయి నా మోకాళ్లకేసి చూసింది. "కొండ ఎక్కాలే!" అంది. ఎక్కుదాం అన్నాను.

కొండ మీద ఏముందంటే

అడవిలోంచి కాలిబాట. ఓక్ చెట్లు, పొదలు. మధ్యలో ఉన్నట్టుండి ఆకాశాన్నంటే చెట్లు. సెకోయాలట. అమెరికాలో కాలిఫోర్నియా వైపు పెరిగే చెట్లు. వాటి మొలకలు తెప్పించి 19వ శతాబ్దంలో ఈ కోట యజమానే నాటించాడు. అందులో ఒకటి యాభై మీటర్లు దాటింది. నలుగురైదుగురు చేతులు పట్టుకుంటే గానీ చుట్టూ అందదు. దాని మొదట్లో నిలబడి పైకి చూస్తే మెడ నొప్పెట్టింది.

ఇంకాస్త ఎక్కేసరికి కోట ముందుకొచ్చింది. గుర్రపు నాడాల్లాంటి కమానులు, గుమ్మటాలు, చెక్కడాలు, మధ్యన గడియారంతో ఎత్తయిన బురుజు. ఇటలీ అన్నమాటే మర్చిపోయాను. కిటికీలకి తలుపులు బిగించేశారు. గోడ పెచ్చులు ఊడుతున్నాయి. గట్టుమీద గడ్డి మోకాలెత్తు పెరిగింది. పెద్ద తలుపుకి గొలుసు వేసి తాళంకప్ప వేలాడుతోంది. ఆ తాళంకప్ప సైజు మా ఇంటి దాని కంటే పెద్దదేమీ కాదు.

అక్కడ ఇంకో పెద్దావిడ చేతికర్ర పట్టుకుని వచ్చింది. లెచ్చో ఆవిడే. మా అమ్మాయి పలకరిస్తే ఇటాలియన్‌లో గలగలా మాట్లాడింది. ఒకప్పుడు ఇది హోటలుగా ఉండేదట. 1970ల్లో తన పెళ్లి భోజనాలు ఇక్కడే జరిగాయట. "ఆ తెల్ల హాల్లో మా నాన్న నన్ను చేయిపట్టుకుని తీసుకొచ్చాడు. పైకి చూస్తూ నడిచి గౌను తొక్కుకుని పడబోయాను" అని నవ్వింది. తరవాత తలుపుకేసి చూసి, "అప్పట్నించీ ఏటా పెళ్లిరోజుకి ఇక్కడికొస్తాను. మా ఆయన పోయినా వస్తున్నాను" అంది. నాకు మా మండువాలో నా పెళ్లి పందిరి గుర్తొచ్చింది. ఏం మాట్లాడాలో తోచలేదు.

ఆ రాత్రి నించీ ఈ కోట సంగతి వెతికి వెతికి చదివాను. మా అమ్మాయి చదివి తెలుగులో చెప్పేది. నాకు తెలిసింది మీకూ చెబుతాను.

తూర్పుదేశం చూడకుండానే

1605లో స్పెయిన్ మూలాలున్న జిమెనెస్ వంశం వాళ్లు ఇక్కడ కోట కట్టించుకున్నారు. ఆ వంశంలో చివరివాడు 1816లో పిల్లలు లేకుండా పోయాడు. అప్పుడు ఆస్తి ఆయన తోబుట్టువు విత్తొరియా ద్వారా ఆమె అత్తవారి వంశానికి, అంటే పంచాతికి కుటుంబానికి చేరింది. చూశారా, కోట చేతులు మారింది ఒక ఆడపడుచు వల్లే. కాకపోతే చరిత్ర పుస్తకాల్లో ఆవిడకి ఒక్క వాక్యమే దక్కింది.

ఆవిడ మనవడు ఫెర్దినాందో పంచాతికి. 1813లో పుట్టాడు. కొన్నాళ్లు రాజకీయాల్లో తిరిగి విసుగొచ్చి ఈ కొండెక్కేశాడు. 1853 నించి 1889 దాకా, దగ్గరదగ్గర నలభై ఏళ్లు, ఒక్కొక్క గదీ తనే గీసి కట్టించాడు. నెమళ్ల గది, లిల్లీ పూల గది, తెల్ల హాలు, ప్రేమికుల గది... ఒకదానిలో ఉన్న పనితనం మరోదానిలో ఉండదు. నెమళ్ల గదిలో నెమలి పురి విప్పినట్టు గోడ నించి కప్పుదాకా రంగులే రంగులు. స్పెయిన్‌లోని ఆల్హంబ్రా కోట తరహా కొంత, మన మొగలాయి కట్టడాల తరహా కొంత కలిసిపోయి కనిపిస్తాయి. చిత్రం ఏమిటంటే ఆయన తూర్పు దేశాలకి ఎప్పుడూ వెళ్లలేదంటారు. అంతా పుస్తకాలు చూసి నేర్చుకున్నదే. ఇటుకలు, పలకలు ఎక్కడినించో తెప్పించలేదు. ఇక్కడే కాల్పించాడు, ఈ చుట్టుపక్కల పనివాళ్లకే నేర్పించి చేయించాడు. 1878లో ఇటలీ రాజు ఉంబెర్తో వచ్చి ఇక్కడ అతిథిగా ఉన్నాడు.

ఆయన గోడలమీద లాటిన్‌లో మాటలు కూడా చెక్కించాడు. ఒకచోట దేశాన్ని దొంగలూ దళారులూ తినేస్తున్నారని తిట్టి, చివర్లో, ఇదంతా మనం చేజేతులా తెచ్చుకున్నదే అన్నాడు. నూట యాభై ఏళ్ల కిందటి గోడరాత. చదివినప్పుడు మా అమ్మాయీ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

కూతురు దాచినది

ఇప్పుడు నన్ను అసలు కట్టిపడేసిన మనిషి గురించి చెప్పాలి. ఆయన కూతురు మరియన్నా. 1835లో పుట్టింది. పౌలూచ్చి అనే మార్కీజు ఇంటికి కోడలిగా వెళ్లింది. ఆ రోజుల్లో జమీందారు ఇంటి ఆడపిల్ల అంటే పియానో, కుట్లు, అల్లికలు. ఈవిడ మాత్రం నత్తలు ఏరింది!

అవునండీ, నత్తలే. చెరువుల్లో, పొలంగట్లమీద, సముద్రపు ఒడ్డున దొరికే నత్తలూ, గవ్వలూ, చిప్పలూ. ఇటలీ నేలమీద, మంచినీళ్లలో ఉండే నత్తల గురించి 1878లో ఫ్రెంచి భాషలో పుస్తకం అచ్చువేసింది. పక్షులు సేకరించింది, మొక్కలు ఎండబెట్టి దాచింది. యూనివర్సిటీ గుమ్మం ఆడవాళ్లకి తెరుచుకోని కాలంలో శాస్త్రజ్ఞులు ఆవిడ మాటకి విలువిచ్చారు. తండ్రి గదులు కట్టుకుంటూ ఉంటే కూతురు గవ్వలకి పేర్లు రాసిపెట్టుకుంటూ ఉండేదన్నమాట.

1897లో తండ్రి పోయాక కోట ఆవిడదైంది. 1919లో ఆవిడ పోయింది. ఇప్పుడు ఆవిడ దాచినవేమయ్యాయో చూడండి. గవ్వల సేకరణ ఫ్లోరెన్సులోని లా స్పెకొలా ప్రకృతి మ్యూజియానికి ఇచ్చేసింది. ఇప్పటికీ దాన్ని పరిశోధనలకి వాడుకుంటున్నారు. పక్షులు సాన్ జిమిన్యానో అనే ఊళ్లోని మ్యూజియంలో ఉన్నాయి. గోరంత గవ్వ భద్రంగా ఉంది. కొండంత కోట వానకి తడిసింది. ఎందుకని? గవ్వలు ఎవరికి ఉపయోగమో వాళ్లకి చేరాయి. కోట మాత్రం వారసత్వంగా చేతులు మారుతూ పోయింది.

వేలంపాటలు

ఆ తరవాత కథ మనకి తెలిసిన ఇళ్ల కథే. రెండో ప్రపంచయుద్ధంలో దోపిడీ జరిగింది. యుద్ధం అయ్యాక హోటలు చేశారు. 1990లో అదీ మూతపడింది. ఒక కంపెనీ కొని పెద్ద రిసార్టు చేస్తామంది, డబ్బు చాలలేదు, అప్పుల్లో మునిగింది. ఇక కోర్టు వేలాలు. పాట పెట్టడం, ఎవరూ రాకపోవడం, ధర తగ్గించి మళ్లీ పెట్టడం. 2017లో దుబాయికి చెందిన కంపెనీ ఒకటి కోటిన్నర యూరోల పైచిలుకుకు పాడింది. ఊరంతా ఊపిరి పీల్చుకునే లోపలే అది కోర్టులో రద్దయింది. మళ్లీ మొదటికి!

ఈలోగా కోటని ఎవరు చూసుకుంటారు? చూరు కారింది. రంగుల పలకలు దొంగలు పీక్కుపోయారు. ఒక్కటి మాత్రం జరిగింది. 2015లో వచ్చిన 'టేల్ ఆఫ్ టేల్స్' అనే సినిమాలో, మహారాణి ఒక్కతే బల్లదగ్గర కూర్చుని సముద్రభూతం గుండె తినే సన్నివేశం ఉంది కదా, అది ఈ కోట తెల్ల హాల్లో తీసిందే. ప్రపంచమంతా ఆ హాలుని చూసింది. లెచ్చో పెద్దావిడ మాత్రం తలుపు బయట నిలబడి చూస్తోంది.

ఇటలీలో ఇన్ని కోటలు ఎందుకు అమ్మకానికొచ్చాయి?

సమ్మెజ్జానో ఒక్కటే కాదు. ఇటలీలో కొండలమీది కోటలూ, వాటి చుట్టూ ద్రాక్ష, ఆలివ్ తోటలూ అమ్మకానికి పెట్టిన ప్రకటనలు చాలానే కనిపిస్తాయి. ఫోటోలు చూస్తే మనకీ కొనేయాలనిపిస్తుంది. అన్నీ ఒకేసారి అమ్మకానికెందుకు వచ్చాయి అని అడిగాను. కారణాలు చదివితే మన ఊళ్ల సంగతిలాగే ఉంది.

మొదటిది, పొలం. టస్కనీ ప్రాంతంలో తరతరాలుగా సగంపాలు పద్ధతి. రైతుకుటుంబం కోటవారి పొలంలో పనిచేసి పంటలో సగం ఇచ్చేది. కోట కప్పు బాగుచేయించిందీ, గుర్రాలని మేపిందీ ఆ సగమే. యుద్ధం తరవాత రైతులు తిరగబడ్డారు, పిల్లలు ఫ్యాక్టరీలకి వెళ్లిపోయారు. 1964లో చట్టం కొత్తగా సగంపాలు ఒప్పందాలు రాసుకోకూడదంది. 1982లో వచ్చిన చట్టం మిగిలినవాటినీ కౌలుగా మార్చేసింది. న్యాయమే! కానీ ఆ సగంపాలు పోయాక కోట కప్పు బాగుచేయించేదెవరు?

రెండోది, వారసులు. ఇక్కడ నాకు ఆశ్చర్యం వేసింది. ఇటలీలో 1865 నాటి సివిల్ చట్టమే తల్లిదండ్రుల ఆస్తిలో కొడుకుతోపాటు కూతురికీ సమాన వాటా అంది. పెద్దకొడుక్కే అంతా అన్న పద్ధతి పోయింది. తండ్రి వీలునామా రాసినా పిల్లలకి రావలసిన భాగాన్ని ఎగ్గొట్టలేడు. ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే మూడింట రెండొంతులు వాళ్లదే, సమానంగా. మరి మనకో? మన రాష్ట్రంలో 1985లో చట్టం వచ్చింది. అది కూడా అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకే. నాకు 1983లో పెళ్లయిపోయింది. రెండేళ్ల తేడాతో నా వాటా గాలికిపోయింది! 2005లో దేశమంతటికీ సవరణ వచ్చాక పెళ్లయినవాళ్లకీ వర్తించింది. అందుకే ఇవాళ మా తమ్ముడు నన్ను బతిమాలుతున్నాడు. చట్టం లేకపోతే ఒక కబురుతో సరిపెట్టేవాడు.

సమాన వాటా మంచిదే. కానీ నాలుగు తరాలు తిరిగేసరికి ఒక్క కోటకి ముప్ఫైమంది వారసులు తేలతారు. ఒకరు మిలానోలో, ఒకరు లండనులో. కప్పు బాగుచేద్దామంటే డబ్బివ్వరు. అమ్ముదామంటే సంతకం పెట్టరు. చివరికి అందరూ అలిసిపోయి అమ్మేస్తారు. ఇందులో నాకు ఎవరు గుర్తొచ్చి ఉంటారో మీరు ఊహించగలరు.

కొనడం ఒక ఎత్తు... ఆ తరవాత మరో ఎత్తు

పోనీ, డబ్బున్నవాళ్లు కొనేయచ్చు కదా అంటారేమో. అక్కడా మెలిక ఉంది. చారిత్రకమని ప్రభుత్వం గుర్తించిన కట్టడం అమ్మితే ఆ సంగతి ప్రభుత్వానికి తెలియజేయాలి. తెలియజేసిన తరవాత అరవై రోజులపాటు, అదే ధరకి మేమే తీసుకుంటాం అనే హక్కు ప్రభుత్వానిది. 2004లో వచ్చిన సాంస్కృతిక ఆస్తుల చట్టంలో ఇదంతా ఉంది. ఆ గడువు తీరేదాకా బేరం ఖాయం కాదు.

కొన్నాక మీ ఇల్లే అయినా మీ ఇష్టం కాదు. గోడ పగలగొట్టి అల్మారా పెడతానంటే కుదరదు. రంగు మార్చాలన్నా పురావస్తు అధికారుల అనుమతి కావాలి. దాన్ని పాడుపెట్టినా తప్పే. వందల గదుల కప్పు, నీళ్లపైపులు, కరెంటు, అగ్నిమాపక ఏర్పాట్లు... కొన్న ధరకి మించి బాగుచేతకే అవుతుంది. అంచేత ఎక్కువమంది వచ్చి ఫోటోలు తీసుకుని వెళ్లిపోతారు.

మనలాంటివాళ్లం కోటలెలాగూ కొనం. కానీ తాతల నాటి ఇల్లు కొనాలన్నా, అమ్మాలన్నా ఈ మాటలు పనికొస్తాయి. కాగితం మీది ధర అసలు ధర కాదు. కప్పు ధర వేరే, చెద ధర వేరే. సంతకం పెట్టాల్సినవాళ్ల లిస్టు ముందే రాసుకోవాలి. అందరికంటే దూరంగా ఉన్న ఆడపడుచుని ఆఖరికి అడగడం కాదు, మొదటే అడగాలి.

తాళం తీయించినవాళ్లు

ఇంత నిరాశలోనూ ఆ కోటని బతికించింది డబ్బున్నవాళ్లు కాదు. ఆ ఊరివాళ్లే. ఫెర్దినాందో పుట్టి 2013కి రెండువందల ఏళ్లు. ఆ సందర్భానికని చుట్టుపక్కలవాళ్లు ఒక కమిటీగా ఏర్పడ్డారు. యజమానులని ఒప్పించి అప్పుడప్పుడూ తలుపులు తీయించారు. జనం బారులు తీరి చూసి వెళ్లారు. ఇంకొంతమంది ఫోటోలు తీసి, ఈ కోటని కాపాడండి అని ప్రచారం మొదలుపెట్టారు.

ఇటలీలో ఫాయ్ అని ఒక సంస్థ ఉంది. పాత కట్టడాలని, ప్రకృతిని కాపాడటానికి 1975లో పెట్టారు. పెట్టినవాళ్లలో ముందున్నది జూలియా మరియా క్రెస్పి అనే ఆవిడే. ఆ సంస్థ మీ మనసుకి దగ్గరైన చోటేదో చెప్పండి అని దేశమంతటా ఓట్లు వేయిస్తుంది. 2016లో ఆ ఓట్లలో దేశం మొత్తంమీద మొదటిస్థానం సమ్మెజ్జానోదే. 50,141 మంది వేశారు! తాళం వేసి ఉన్న ఇంటికి యాభైవేల మంది 'మాది' అన్నారు.

అదే సంస్థ గురించి చదువుతుంటే ఇంకో కథ దొరికింది. ఉత్తరాన త్రెంతీనో ప్రాంతంలో, అదిజె నది లోయకి పైన కొండమీద ఆవియో కోట ఉంది. దాని వారసురాలు ఎమాన్వేలా అనే కౌంటెస్. ప్రసిద్ధ సంగీతకారుడు ఆర్తురో తొస్కనీనీకి మనవరాలు. ఆవిడ 1977లో ఆ కోటని ఫాయ్‌కి ఉత్తినే రాసిచ్చేసింది. బాగుచేసి జనానికి తెరిచారు. ఇప్పుడు బళ్లల్లో పిల్లలు వెళ్లి గోడలమీద మధ్యయుగం నాటి బొమ్మలు చూస్తుంటారు. అమ్మలేదు, తాళం వేయలేదు. ఇచ్చింది. అందరికీ అంత తాహతుండదు, నాకూ లేదు. కానీ ఆవిడ ఒక్క ప్రశ్న ముందు వేసుకుంది కదా: 'ఈ ఇంట్లో ఇకమీదట ఎవరు తిరుగుతారు?' అని. నేను మూడేళ్లుగా 'ఈ ఇల్లు ఎవరిది?' అనే ఆలోచిస్తున్నాను.

మా ఇంటి తాళంచెవులు

నవంబరులో తిరిగొచ్చాను. హైదరాబాదులో దిగిన నాలుగో రోజునే మా ఊరెళ్లాను. అన్నయ్యనీ, తమ్ముణ్ణీ కూడా రమ్మన్నాను. తాళం తిరగలేదు, తుప్పు. కిరసనాయిలు పోసి తిప్పితే అరగంటకి తెరుచుకుంది. మండువాలో పావురాల రెట్ట. వెనక వసారాలో రెండు దూలాలకి చెద. వాన పడ్డచోటల్లా నల్లటి మరక. అమ్మ పోయిన గదిలో గోడకి ఆవిడ రాసుకున్న పాల లెక్క అలాగే ఉంది. తమ్ముడు దానిముందు నిలబడి చాలాసేపు కదల్లేదు. అమ్మేద్దామని మూడేళ్లుగా ఫోన్‌లో గొంతు చించుకున్నవాడు వాడే.

ఆ రోజు మేం ముగ్గురం వంటింటి గట్టుమీద కూర్చుని, హోటలు నించి తెప్పించిన ఇడ్లీలు తింటూ, అమ్మ పోయాక మొదటిసారి కేకలు లేకుండా మాట్లాడుకున్నాం. నేనొక్కటే అడిగాను. "ధర సంగతి తరవాత. బిల్డరు కొంటే ఏం చేస్తాడు?" కూలగొట్టి అపార్టుమెంటు కడతాడు. "ఉండేవాళ్లెవరైనా కొంటే?" అప్పటిదాకా ఎవరూ ఆ వైపు వెతకనే లేదు.

వెతకడానికి ఏడు నెలలు పట్టింది. ఈలోపల మా ఊరి అమ్మాయికి ట్యూషన్లు చెప్పుకోవడానికి ముందు గది ఇచ్చాం, అద్దె లేకుండా, తుడిచి దీపం పెట్టాలన్న షరతు మీద. ఆ ఏడు నెలల్లోనే ఇంటి వాసన మారిపోయింది. 2024లో ఒక స్కూలు టీచరమ్మ, వాళ్లాయన, అత్తగారు వచ్చి చూశారు. అత్తగారు మండువాలో నిలబడి, "ఇక్కడ ఆవకాయ ఎండబెట్టుకోవచ్చు" అంది. నాకు చాలనిపించింది.

బిల్డరు కంటే వాళ్లు ఆరు లక్షలు తక్కువిచ్చారు. తలా రెండు లక్షలు నష్టం. అన్నయ్య ఏమీ అనలేదు. మా మరదలికి మాత్రం ఇప్పటికీ కోపమే. వాళ్ల అబ్బాయి చదువుకి ఆ రెండు లక్షలూ అక్కరకొచ్చేవి, ఆ మాటా నిజమే. నా వాటాలోంచి ఇస్తానంటే తీసుకోలేదు. పండక్కి వెళ్తే మాట్లాడుతుంది, కానీ మునుపటిలా కాదు. ఇందులో నేను గెలిచానని చెప్పను. ఇంటిని నిలబెట్టడానికి ఎవరో ఒకరు ఏదో ఒకటి వదులుకోవాలి. నా ఇష్టానికి ఆవిడా వదులుకోవలసి వచ్చింది. అది నాకు తెలుసు.

కొండమీది కబురు

2025లో మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, నీ కోట అమ్ముడుపోయింది!" ఫ్లోరెన్సుకే చెందిన ఒక వ్యాపారి కుటుంబం కొన్నదట. ధర కోటీ ఎనభై లక్షల యూరోలని పత్రికలు రాశాయి. మన డబ్బుల్లో నూటడెబ్భై కోట్ల పైమాటే. బాగుచేయడానికి అంతకి ఎన్నో రెట్లు కావాలి, ఏళ్లు పడుతుంది. అయినా 1990లో పడిన తాళం తీయడానికి ఎవరో ఒకరు ముందుకొచ్చారు.

"ఆ పెద్దావిడ ఎలా ఉందో కనుక్కో" అన్నాను. మా అమ్మాయి సెలవురోజున లెచ్చో వెళ్లి కాఫీ హోటల్లో అడిగిందట. ఆవిడ బాగానే ఉంది. కొండ ఎక్కడం మాత్రం కష్టంగా ఉందట. ఎప్పుడు తెరుస్తారు, తను ఉండగా తెరుస్తారా అని కనపడ్డవాళ్లందర్నీ అడుగుతోందట.

మొన్న సంక్రాంతికి మా ఊరెళ్లినప్పుడు పాత ఇంటిముందు ఆగాను. లోపలికి వెళ్లాలా వద్దా అని తటపటాయిస్తుంటే టీచరమ్మ అత్తగారే చూసి, "బయట నిలబడ్డారేంటమ్మా, రండి" అంది. వెళ్లాను. మండువాలో ముగ్గు వేసి ఉంది. గోడమీద అమ్మ పాల లెక్కకి సున్నం కొట్టేశారు. ఒక్క క్షణం గుండె కలుక్కుమంది. ఆ పక్కనే పెన్సిల్‌తో కొత్త లెక్క కనిపించింది. రోజుకి అరలీటరు, ఆదివారం లీటరు.